కొలతకు ఇచ్చిన జాకెట్టు

సూర్యాపేట,
19 జనవరి 2025.

చెల్లి మానసకు,

మీ హాస్టల్లో ఫోన్లు ఇవ్వకపోవడం వల్ల నా చేతిరాత బాగుపడుతోంది. మెడికల్ షాపులో గిరాకీ లేని వేళ చూసుకుని రాస్తున్నాను. కాగితానికి దగ్గుమందు వాసన వస్తే తిట్టుకోకు.

మిర్యాలగూడ సంబంధం ఖాయమైంది! మొన్న సెలవుల్లో నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు వచ్చి చూసిపోయారే, ఆ సతీష్. నువ్వే కదా చాయ్ ఇచ్చావు. వరికోత మిషన్ నడుపుతాడు, సొంత ఇల్లు ఉంది. వాళ్లమ్మ ఉమారాణి నాయినకు ఫోన్ చేసి, "మాకు పిల్ల నచ్చింది మల్సూరు, కట్నం గిట్నం ఏం వద్దు, వచ్చే నెల ఇరవై మూడుకు జేస్కుందం" అందట. నాయిన ఆ ఒక్క ముక్కే చెప్పి మంచం మీద చాలాసేపు అలాగే కూర్చున్నాడు. అమ్మ పోయాక మన ఇంట్లో ఇదే మొదటి శుభకార్యం కదా, సంతోషానికి మాట రావడం లేదనుకున్నాను.

నిన్న చీర కొనడానికి వెళ్లాం. ఉమారాణి అత్తమ్మ మిర్యాలగూడ నుంచి పొద్దున్నే దిగింది. నాయిన ఎనిమిది వేలు నా చేతిలో పెట్టి, మిర్చి యార్డులో మూటలు మోసే పని ఉందని వెళ్లిపోయాడు. అందులోనే చీర, జాకెట్టు, చెప్పులు, గాజులు అన్నీ రావాలి. మొదటి షాపులో అసలు పట్టు పరిచాడు. రేటు విని ఇద్దరం చల్లగా లేచి బయటికొచ్చాం. మూడో షాపులో, పట్టులాగే మెరిసే చీరలు దొరికాయి. నాకు చిలకపచ్చది తెగ నచ్చింది. భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటున్నానో లేదో, అత్తమ్మ లాగేసింది. "నీకు నచ్చుడు కాదు పుష్పా, కట్టుకునే పిల్ల వయసు సూడాలె. ముదురు రంగులొద్దు" అని గులాబీ రంగుది, సన్న అంచుది తీయించింది. షాపువాడితో గంటసేపు కొట్లాడి, ఫాల్ ఊరికే కుట్టించేలా ఒప్పించింది. ఫాల్ అయ్యాక చీర తనే తీసుకుపోతానంది. ఆమె బేరం చూస్తే నాకు ముచ్చటేసింది. నన్ను ఇంకా కోడలా అని పిలవడం లేదు, పెళ్లయ్యాక పిలుస్తుందేమో.

ఇంటికొచ్చి నీ జాకెట్టు ఒకటి కొలతకు ఇమ్మంది. వార్షికోత్సవానికి నువ్వు వేసుకున్న మెరూన్ జాకెట్టు ఇచ్చాను. నీకు కూడా ఏదో పెట్టాలనుకుంటున్నారు. అదృష్టవంతురాలివి.

కార్డులు కొట్టించడం లేదు, ఫోన్లలో చెప్తే చాలంట. ఖర్చు తగ్గుతుంది కదా.

నాయినకు మిర్చి ఘాటుకు దగ్గు మళ్లీ ఎక్కువైంది. నువ్వు బాగా చదువుకో, ఆ కెమిస్ట్రీకి భయపడకు.

ముద్దులతో,
కాబోయే పెళ్లికూతురు, మీ అక్క పుష్ప.


కోదాడ,
27 జనవరి 2025.

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం మా వార్డెన్ మేడమ్ విప్పి చదివి, "మీ అక్కకు శుభాకాంక్షలు చెప్పు" అని నవ్వుతూ ఇచ్చింది. ఇక్కడ అన్ని ఉత్తరాలూ అలాగే చూసి ఇస్తారు. కాబట్టి మేడమ్ గురించి చెడుగా ఏమీ రాయకు.

నాకు జాకెట్టు ఎందుకే? చీర కట్టుకుంటే నేను గుమ్మం కూడా దాటలేను. ఆ డబ్బులతో లాంగ్ ఫ్రాక్ కొనమని చెప్పు. నీకు నచ్చిన చిలకపచ్చది కొననివ్వకపోవడం నాకు నచ్చలేదు. పెళ్లి నీది కదా, రంగు ఆమెదా?

ఇంకో రెండు సంగతులు. నాయిన హాస్టల్ ఆఫీసుకు ఫోన్ చేసి, నా ఆధార్, టెన్త్ మెమో అడిగాడట. ఎందుకని మేడమ్ అడిగితే కులం సర్టిఫికెట్‌కు అన్నాడట. నా సర్టిఫికెట్ పోయిన జూన్‌లోనే తీశాం కదా? ఒకసారి గుర్తు చెయ్యి.

రెండోది. నిన్న జెండా పండుగ అయిపోయాక కలిసే టైములో నాకోసం ఎవరో వచ్చారన్నారు. నువ్వనుకుని పరుగెత్తాను. చూస్తే సతీష్ బావ. నాయిన ముందే ఫోన్ చేసి పంపించమన్నాడట. స్వీట్ డబ్బా తెచ్చాడు, గాజులు తెచ్చాడు. గాజులు సరిపోతాయో లేదో చూస్తానని నా చెయ్యి పట్టుకుని తనే తొడిగాడు. నాకు ఏదోలా అనిపించి చెయ్యి లాక్కున్నాను. "ఇంకెన్నేండ్లు సదువుతవ్?" అని అడిగాడు. నర్సింగ్ చేస్తానంటే నవ్వి, "గదంత ఎందుకు, ఇంట్ల కూసొని తిన్నా ఒడవదు" అన్నాడు. అక్కా, ఉన్నంతసేపూ నీ గురించి ఒక్క మాట అడగలేదు. నేనే నీ ముచ్చట తీస్తే గేటు వైపు చూశాడు.

మంచివాడే అయి ఉంటాడు. నాకు మాత్రం ఆ గాజులు వేసుకోబుద్ధి కాలేదు. ట్రంకు పెట్టెలో పెట్టాను.

నీ మానస.


సూర్యాపేట,
1 ఫిబ్రవరి 2025.

మానసకు,

నీ ఉత్తరం అందింది.

సంబంధం ఖాయమైనప్పటి నుంచి అతను నాకు ఒక్క ఫోన్ చేయలేదు. నేను రెండుసార్లు చేస్తే పొలంలో ఉన్నానని పెట్టేశాడు. అలాంటివాడు కోదాడ దాకా వచ్చి నీ చేతికి గాజులు తొడిగాడని నువ్వు రాస్తే, నేను చదివి సంతోషపడాలా? ఎదుటివాళ్లు చెయ్యి పట్టుకునేదాకా నువ్వు ఎందుకు కూర్చున్నావు? సెలవుల్లో వాళ్లొచ్చినప్పుడు కూడా చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లకుండా తలుపు దగ్గర నిలబడి పళ్లికిలించావు. నాకు అప్పుడే తెలుసు. చిన్నపిల్లవి కదా అని ఊరుకున్నాను.

నీకు రంగుంది, చదువుంది. నాకు ఈ ఒక్క సంబంధం వచ్చింది. దీన్ని కూడా చూసి ఓర్వలేవా?

ఇంటి దగ్గర ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నాయిన యార్డు నుంచి వచ్చి అన్నం తిని గోడవైపు తిరిగి పడుకుంటాడు. సర్టిఫికెట్ సంగతి అడిగితే "నీకెందుకు" అని కసిరాడు. అత్తమ్మ మళ్లీ వచ్చి జాకెట్టు గుడ్డ మన గల్లీ రుక్మాబాయికి తనే ఇచ్చి వెళ్లిందట. నా కొలతలు ఆమె దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి కాబట్టి నన్ను పిలవలేదేమో. చెప్పుల కోసం నేనొక్కదాన్నే బజారు తిరిగాను. పెళ్లికూతురు ఒంటరిగా చెప్పులు కొనుక్కోవడం ఎక్కడైనా చూశావా?

అతని గురించి ఇంకెప్పుడూ నాకు రాయకు.

పుష్ప.


కోదాడ,
7 ఫిబ్రవరి 2025.

అక్కకు,

నీ ఉత్తరం బాత్రూంలో కూర్చుని చదివాను. మేడమ్ ముందే చదివింది కాబట్టి నాకు ఇచ్చేటప్పుడు ముఖం చూడలేదు.

నేను పళ్లికిలించలేదు. మీ ఇద్దరినీ పక్కపక్కన చూస్తే బాగుందనిపించి నవ్వాను. అంతే.

నువ్వు రాయవద్దన్నా ఈసారి రాస్తాను, తర్వాత రాయను. అతను మళ్లీ వచ్చాడు. కడుపునొప్పి అని చెప్పించి నేను బయటికి రాలేదు. వాచ్‌మన్ అన్న దగ్గర "మా పిల్లను ఒకసారి సూసిపోత" అన్నాడట. ఎవరి పిల్ల అని అన్న అడిగితే వంద నోటు తీశాడట. అన్న తీసుకోలేదు, మేడమ్‌తో చెప్పాడు.

నాయిన పదహారో తారీఖు ఆదివారం వచ్చి నన్ను తీసుకుపోతాడట. పది రోజుల సెలవు కావాలన్నాడు. మార్చి ఐదు నుంచి నాకు పరీక్షలు. అక్క పెళ్లికి పది రోజులెందుకు, రెండు రోజులు చాలు అని మేడమ్ అంటే, "మొక్కులున్నయ్ మేడం, చిన్నది లేకపోతే నడవదు" అన్నాడట.

నన్ను చూస్తే నీకు కోపం వస్తుంది కదా. నేను రానవసరం లేదని నువ్వే నాయినకు చెప్పు. నాకు ఎందుకో రావాలని లేదు. ఎందుకో నాకే తెలియడం లేదు. రాత్రుళ్లు అన్నం సయించడం లేదు.

మానస.


సూర్యాపేట – కోదాడ బస్సు,
15 ఫిబ్రవరి 2025.

మానసా, నా బంగారు తల్లీ,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే రేపటికి అందదు. హాస్టల్ ఆఫీసు ఫోను మోగి మోగి ఆగిపోతోంది. అందుకే నేనే తెస్తున్నాను. గట్టు జాతరకు వచ్చే ట్రాక్టర్లతో రోడ్డంతా నిండిపోయి బస్సు నత్తలా కదులుతోంది. నేను వచ్చేసరికి గేటు మూసేస్తే నిన్ను చూడనివ్వరు. అందుకని అంతా రాసి వాచ్‌మన్ అన్న చేతికి ఇస్తాను.

ముందు అసలు మాట. రేపు నాయిన వస్తే నువ్వు గేటు దాటవద్దు. ఏడ్చినా, తిట్టినా, అక్కకు బాగాలేదని చెప్పినా రావద్దు. ఆ పెళ్లి నాది కాదు. నీది.

పొద్దున రుక్మాబాయి దగ్గరికి వెళ్లి నా జాకెట్టు అయిందా అని అడిగాను. "నీదేడిదే? నువ్వు గుడ్డనే ఇయ్యలే గదా" అంది. పెళ్లి జాకెట్టు అన్నాను. "అదా! మొన్ననే అయింది" అని గులాబీ రంగు జాకెట్టు తీసి చూపించింది. వేసుకుని చూడబోతే చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. నేను కంగారుపడి, కొలత తప్పావేమో చూడమన్నాను. ఆమె నవ్వింది.

"నీకెట్ల పడతదే? నీ చెల్లె కొలత గది. సంబంధపోళ్లు ఇచ్చిన మెరూన్ జాకెట్టుకు పెట్టి కోసిన. పిల్ల ఇంక పెరిగేది ఉన్నది, లోపల గుడ్డ ఎక్కువ ఇడువమన్నరు. తోడబుట్టినదాని పెండ్లి, నువ్వు గూడ ఒకటి మంచిది కుట్టించుకోరాదు?"

నేను ఏం చెప్పానో గుర్తు లేదు. ఇంటికి ఎలా వచ్చానో కూడా గుర్తు లేదు. నాయిన యార్డుకు వెళ్లకుండా ఇంట్లోనే ఉన్నాడు. రేపటి ప్రయాణానికి అంగీ ఉతుక్కుంటున్నాడు.

"ఎవరి పెండ్లి నాయినా?" అన్నాను.

నాయిన తల ఎత్తలేదు. అంగీని పిండుతూనే ఉన్నాడు.

"ఖాయమైందన్నవ్ గదా. ఎవరికి ఖాయమైంది?"

"ఖాయమైందన్న బిడ్డా. నీకే అని అన్లే."

మానసా, నాయిన అబద్ధం చెప్పలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. నేనే అనుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాడు. నేను షాపులో అద్దం ముందు చీర వేసుకుంటుంటే ఉమారాణి ఏమనుకుందో తెలుసా? చెల్లెలి పెళ్లికి అక్క చీర ఎంచుతోందని అనుకుంది. పెద్దదానికి చెప్పాను, ఒప్పుకుంది అని ఆమెతో అన్నానని నాయినే ఇప్పుడు చెప్పాడు. నాకు చెప్పలేక, వాళ్లకు కాదనలేక, రోజూ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"దగ్గు రోజు రోజుకు మింగుతున్నది. నేను పోతే మీ ఇద్దరికి ఎవరున్నరు? ఒక్కదాన్నన్న ఒక ఇంట్ల పడేస్తే రెండోదాన్ని ఆళ్లే సూస్కుంటరు అనుకున్న. ఆళ్లు చిన్నదాన్నే అడిగిండ్రు" అన్నాడు.

"దానికి పదహారేండ్లు నాయినా."

"మీ అమ్మకు పద్నాలుగు" అన్నాడు.

ఇంక నేను నిలబడలేదు. చెప్పులు వేసుకుని బస్‌స్టాండుకు వచ్చేశాను.

నేను నీకు రాసిన మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. సతీష్ నీ చెయ్యి పట్టుకున్నాడని నువ్వు భయపడి రాస్తే, నేను నిన్నే అన్నాను. ఆ ఉత్తరం చింపెయ్యి.

మేడమ్, మీరు ఈ ఉత్తరం ముందే చదువుతారని తెలుసు. చదవండి. దయచేసి మా చెల్లెలిని పంపకండి.

అక్క.


కోదాడ,
17 ఫిబ్రవరి 2025.

అక్కా,

నువ్వు గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లావని వాచ్‌మన్ అన్న చెప్పాడు. తిరుగు బస్సు దొరికిందా? ఎక్కడ పడుకున్నావు?

మేడమ్ నీ ఉత్తరం చదివి నిన్న తెల్లవారగానే నన్ను తన గదిలోకి పిలిచింది. చదవమని ఇచ్చింది. "నీకు వెళ్లాలని ఉందా? నిజం చెప్పమ్మా" అంది. లేదన్నాను. "అయితే మీ నాన్నగారి ముందు కూడా ఇదే మాట చెప్పగలవా?" అంది. చెప్తానన్నాను.

పదింటికి నాయిన వచ్చాడు. ఉతికిన తెల్ల అంగీ వేసుకున్నాడు. గేటు అవతల కారు ఆగి ఉంది, అందులో ఉమారాణి, ఆ సతీష్. మేడమ్ నాయినను కూర్చోమంది. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు.

"చూడండి మల్సూర్ గారూ, అమ్మాయి పెళ్లి చేస్తున్నారట?"

"పెద్దమ్మాయిది మేడం" అన్నాడు. అక్కా, ఈసారి అబద్ధం చెప్పాడు. నా కళ్లముందే.

"పెద్దమ్మాయి రాసిన ఉత్తరం నా దగ్గర ఉందండీ. ఇది నేరం. మీరు జైలుకు వెళ్తారు, ఆ అబ్బాయీ వెళ్తాడు. పిల్లను నేను పంపను."

నాయిన నా వైపు చూశాడు. "అక్క సెప్పిందా?" అన్నాడు. అవునన్నాను. "రావా?" అన్నాడు. "నేను రాను నాయినా" అన్నాను. గొంతు పెద్దగా వచ్చింది, నాకే భయమేసింది.

అంతలో ఉమారాణి లోపలికి వచ్చింది. ఇంతసేపా అని మొదలుపెట్టి, సంగతి తెలిసి నాయినను పట్టుకుంది. "పెద్దది ఒప్పుకున్నదన్నవ్! ఊరంత సెప్పుకున్నం. ఇప్పుడు మా ముఖం యాడ పెట్టుకోవాలె? నాకు ఆ తారీఖుకు పెండ్లి కావాలె, అంతే!" అని అరిచింది. నాయినకు దగ్గు తెర వచ్చింది. మాట్లాడబోతే దగ్గు, ఊపిరి తీయబోతే దగ్గు. మేడమ్ నీళ్లు ఇచ్చింది. తాగి, గ్లాసు టేబుల్ మీద పెట్టి, నా తల మీద చెయ్యి వేయబోయి ఆపేశాడు. బయటికి నడిచాడు. వాళ్ల కారు ఎక్కలేదు. హైవే వైపు నడుస్తూ పోయాడు.

కిటికీ దగ్గర నిలబడి చూశాను. కారు నాయిన వెనకాలే కొంతదూరం మెల్లగా వెళ్లింది. తర్వాత మలుపు అడ్డొచ్చింది.

అక్కా, నాయిన ఇంటికి చేరాడా? వాళ్లేమైనా చేశారా? నేను రానన్నందుకు ఇలా అయిందా? వెంటనే రాయి. మేడమ్ ఫోన్ నంబరు కింద రాశాను, ఆమె ఇవ్వమంది. నీ దగ్గర నుంచి కబురు వచ్చేదాకా నాకు నిద్ర పట్టదు.

నీ చెల్లి.


సూర్యాపేట,
25 ఫిబ్రవరి 2025.

మానసా,

నాయిన సంగతి మేడమ్‌కు ఫోన్‌లో చెప్పాను, నీకు చెప్పే ఉంటుంది. మర్నాడు సాయంత్రం ఇంటికి వచ్చాడు. సతీష్ కారులోంచి దిగి తన అంగీ పట్టుకున్నాడట, ఎవరో లారీ డ్రైవర్ ఆపి విడిపించాడట. అంతకు మించి చెప్పడు. నిన్న దవాఖానకు తీసుకుపోతే ఊపిరితిత్తుల ఫొటో తీశారు, మందులు ఇచ్చారు. నాతో మాట్లాడడు, నేనూ మాట్లాడను. పళ్లెంలో అన్నం పెడతాను, తింటాడు.

మిగతా సంగతి ఫోన్‌లో చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

శనివారం రుక్మాబాయి షాపుకు వచ్చింది, బీపీ మాత్రల కోసం. మాటల్లో, "ఉమారాణి వచ్చి జాకెట్టు పట్టుకపోయింది. కొలత గిట్ల మార్చాల్నా అంటే వద్దన్నది. ఈ పిల్లకు గూడ సరిపోతదట" అంది.

ఈ పిల్ల ఎవరు అని అడిగాను. ఆమెకు తెలియదు. అదే తారీఖు, అదే చీర, అదే జాకెట్టు. వారం రోజుల్లో నీ అంత పిల్లను వెతికి పట్టుకున్నారు.

మాత్రల పట్టీ ఆమె చేతిలో పెట్టి పంపేశాను. నాకెందుకు, నా చెల్లి బయటపడింది కదా అని ఒక నిమిషం అనుకున్నాను. తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ పది తొమ్మిది ఎనిమిదికి ఫోన్ చేశాను. అమ్మాయి పేరు చెప్పండి అన్నారు. తెలియదన్నాను. ఊరు? తెలియదు. వయసు? మా చెల్లి జాకెట్టు పట్టేంత అన్నాను. అవతలి ఆమె అదే రాసుకుంటానంది. సరే, అబ్బాయి వివరాలు చెప్పమంది.

ఆదివారం తెల్లవారకముందే మిర్యాలగూడ బస్సెక్కాను. వాళ్లు వస్తారో రారో, వచ్చినా ఇల్లు దొరక్క తిరిగిపోతారో అని భయం. వచ్చారు. పిల్లల సంక్షేమం చూసే ఐసీడీఎస్ మేడమ్, ఇద్దరు పోలీసులు. ఇంటి ముందు చిన్న టెంటు, ఇరవై కుర్చీలు, అంతే. పందిట్లో ఆ పిల్ల కూర్చుని ఉంది. గులాబీ చీరలో ముఖం కనిపించడమే లేదు. వయసెంత అంటే పద్దెనిమిది అని గట్టిగా అప్పజెప్పింది. ఏ తరగతి అని ఐసీడీఎస్ మేడమ్ మెల్లగా అడిగితే, "నైన్త్" అని నోరు జారి, వెంటనే వాళ్ల నాయిన వైపు చూసింది.

అప్పటికింకా తాళి కట్టలేదు. సతీష్‌ను, ఇరువైపుల పెద్దవాళ్లను స్టేషన్‌కు తీసుకుపోయారు. జీపు ఎక్కేటప్పుడు ఉమారాణి నన్ను చూసింది. "నీకు కాలేదని ఓర్వలేక జేసినవ్ గదనే" అంది. అందరూ నా వైపు తిరిగారు. ఆ మాటలో నిజం ఎంత ఉందో అని అక్కడే నిలబడి నాలో వెతుక్కున్నాను. కొంచెం ఉందేమో. ఉన్నా సరే అనుకున్నాను.

పిల్లను నల్లగొండలో బాలికల హోంకు పంపాలి. తుంగతుర్తి అవతల ఊరు ఆమెది. పేరు ఎక్కడా రాయవద్దని ఐసీడీఎస్ మేడమ్ చెప్పింది, నీకూ రాయను. బండి వచ్చేదాకా తోడు కూర్చోమన్నారు. చాలాసేపు చేతులకున్న గోరింటాకు గోకుతూ కూర్చుంది. తాగడానికి నీళ్లిచ్చాను. తాగలేదు. మెల్లగా నా చెయ్యి తాకి అడిగింది.

"అక్కా, ఆళ్లు ఇగ ఇంకో పిల్లను సూస్కుంటరా?"

లేదు, ఇంక సాగనివ్వరు అని చెప్పాలనుకున్నాను. బండి వచ్చింది, ఎక్కించారు. వెనక అద్దంలోంచి నా వైపే చూస్తూ పోయింది.

పరీక్షలు బాగా రాయి. నర్సింగ్ ఫారాలు ఎప్పుడిస్తారో మేడమ్‌ను కనుక్కో. వచ్చే ఆదివారం నేను వస్తాను. నేను తప్ప ఇంకెవరు వచ్చినా గేటు దగ్గరికి రాకు.

అక్క.